‘ఈ కాలం పిల్లలు...’ అని మొదలుపెట్టే ముందు

పోయిన సెలవులకి మా మేనల్లుడు వచ్చి నాలుగు రోజులున్నాడు. పదిహేడేళ్ళవాడు. రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర, కొత్త ఫోను కావాలి అన్నాడు. చేతిలో ఉన్నది శుభ్రంగా పనిచేస్తోంది, కొని రెండేళ్ళు కూడా కాలేదు. ఇంకేముంది, నాకు అవకాశం దొరికింది. ఈ కాలం పిల్లలకి వస్తువుల మీద ఉన్న యావ మనుషుల మీద లేదని, ఎంతసేపూ నేను, నా ఫోను, నా ఫొటోలు తప్ప పక్కన ఇంకో మనిషున్నాడన్న ధ్యాస ఉండదని, మా రోజుల్లో అయితే ఇలా కాదని, ఓ పావుగంట దంచాను. వాడు తలెత్తకుండా విన్నాడు. అంతా అయ్యాక, "మావయ్యా, నీ ఫోను కొని ఎన్నాళ్ళైంది?" అన్నాడు. ఎనిమిది నెలలు. దానికి ముందుది ఏమైందని కూడా అడుగుతాడేమోనని, చెయ్యి కడుక్కునే వంకతో లేచి వెళ్ళిపోయాను.

అప్పటినుంచీ ఈ సంగతి నన్ను వదల్లేదు. నిజంగానే ఈ తరానికి డబ్బు యావ, తన గొడవ తనకే అన్న ధోరణి పెరిగాయా, లేకపోతే మనకి వయసు మీద పడిందా? దొరికినవి చదివాను, కొన్ని చేసి చూశాను, కొన్ని తప్పులు కూడా చేశాను. ఇంట్లో పదమూడు నుంచి పాతికేళ్ళ లోపు మనిషి ఒకరుండి, వీళ్ళేమిటి ఇలా తయారయ్యారు అని బెంగపడుతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. తీర్పు చెప్పే ముందు ఏం చూడాలి, చూశాక ఏం చెయ్యాలి, ఇంతే.

ముందు రెండు ఫిర్యాదుల్నీ విడదీయండి

డబ్బు పిచ్చి, తన లోకం తనదే. ఈ రెండూ మనం ఒకే ఊపిరిలో అనేస్తాం గానీ అవి వేరువేరు. వస్తువులంటే పడిచచ్చేవాడు స్నేహితుడికి రక్తం ఇవ్వడానికి అర్ధరాత్రి పరిగెత్తవచ్చు, పైసా ఆశ లేనివాడు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తలుపేసుకుని కూర్చోవచ్చు. కాబట్టి మీ బాధ ఏ ముక్కతోనో తేల్చుకోండి.

వస్తువుల సంగతి తీసుకుందాం. కావాలనుకోవడం వేరు, యావ వేరు. మార్షా రిచిన్స్, స్కాట్ డాసన్ అనే ఇద్దరు 1992లో దీన్ని కొలవడానికి 18 వాక్యాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో వాళ్ళు పట్టించుకున్నవి ముఖ్యంగా మూడు. వస్తువులు సంపాదించుకోవడమే బతుక్కి నడిబొడ్డున ఉందా, అవి ఉంటేనే సంతోషం అనుకుంటున్నారా, ఒక మనిషి నెగ్గాడా లేదా అన్నది అతని దగ్గరున్న సామాన్లని బట్టి లెక్కగడుతున్నారా. ఈ మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకుంటే చాలా గందరగోళం తగ్గుతుంది. రోజంతా పాటలు వినే పిల్ల మంచి హెడ్‌ఫోన్స్ కావాలంటే అది యావ కాదు, ఆ పిల్లకి పాటలిష్టం. డబ్బా విప్పి, ఫొటో తీసి అందరికీ పంపి, వారం తిరక్కుండా సొరుగులో పడేస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇంకో మాట. జీతం ఎక్కువొచ్చే పనే కావాలి అని ఈ వయసువాళ్ళు అంటే మనకి చివుక్కుమంటుంది. అద్దెలు, అప్పులు, ఉన్నట్టుండి పోయే ఉద్యోగాలు వాళ్ళు రోజూ కళ్ళతో చూస్తున్నారు, ఇంట్లో రాత్రిళ్ళు మనం మెల్లగా మాట్లాడుకునే లెక్కలు పక్కగదిలోకి వినిపిస్తూనే ఉంటాయి. వాళ్ళ మాటల్లో అత్యాశ అనిపించేదాంట్లో చాలావరకు భయం.

ఇక తన గొడవ తనదే అన్నది. అద్దం ముందు గంట నిలబడటం, ఒక్క ఫొటో పెట్టడానికి ఇరవై తియ్యడం చూస్తే మనకి గర్వంలా కనిపిస్తుంది. డేవిడ్ ఎల్కిండ్ అనే మనస్తత్వవేత్త ఈ ఫోన్లేవీ లేని 1967లోనే దీని గురించి రాశాడు. ఆ వయసు పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ప్రేక్షకులున్నట్టు ఊహించుకుంటారని, అందరి కళ్ళూ తమ మీదే ఉన్నాయనుకుంటారని అన్నాడు. 2000లో అచ్చయిన ఒక ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకి, వేసుకుంటే సిగ్గుపడేలాంటి ఒక గాయకుడి బొమ్మున్న టీషర్టు తొడిగించి నలుగురున్న గదిలోకి పంపారు. గదిలోవాళ్ళలో సగంమంది నా చొక్కా మీది బొమ్మ చూసుంటారు అని వాళ్ళు అనుకున్నారు, నిజానికి గమనించింది నాలుగోవంతు మందే. తనని తాను ప్రేమించుకుంటున్నట్టు కనిపించే పిల్ల నిజానికి హడలిపోతూ ఉండొచ్చు. ఆ టెన్షన్‌కీ అహంకారానికీ మందు ఒకటే అనుకుని తిట్టామనుకోండి, అద్దం ముందు గంట కాస్తా రెండు గంటలవుతుంది.

మరి అసలైన స్వార్థాన్ని ఎలా పోల్చుకోవాలి? ఎదుటివాళ్ళ బాధ తగలకపోవడం, తప్పు ఒక్కసారి కూడా తనది కాకపోవడం, పొగడ్త ఆగితే కోపం రావడం. అద్దాల కంటే వీటి మీద కన్నేసి ఉంచండి.

ఎవరితో పోలుస్తున్నారో చూసుకోండి

మనం పదిహేడేళ్ళవాణ్ణి పదిహేడేళ్ళ మనతో పోలుస్తున్నాం అనుకుంటాం. అబద్ధం. నలభై దాటి, నాలుగు దెబ్బలు తిని, కొంచెం మెత్తబడ్డ ఇప్పటి మనతో పోలుస్తున్నాం. జాన్ ప్రోట్జ్‌కో, జొనాథన్ స్కూలర్ 2019లో దీన్ని మూడు వేలకు పైగా అమెరికన్ పెద్దవాళ్ళ మీద పరీక్షించి చూశారు. బాగా చదివే అలవాటున్నవాళ్ళు, ఈ కాలం పిల్లలకి చదవడం మీద ఇష్టం పోయింది అని గట్టిగా అన్నారు. పెద్దల మాట వినాలనే పట్టింపు ఉన్నవాళ్ళు, పిల్లలకి గౌరవం లేదు అన్నారు. ఎవరికి ఏది ఎక్కువుందో వాళ్ళకి అదే పిల్లల్లో తగ్గినట్టు కనిపించింది. ఇప్పటి తమనే తీసుకెళ్ళి అప్పటి పిల్లలందరి మీదా అద్దేస్తున్నారని ఆ పరిశోధకులు తేల్చారు. సరదా ఏమిటంటే, కొంతమందికి మీరు పుస్తకాలు చదవడంలో అంత గొప్పేం కాదు అని కావాలనే తక్కువ మార్కులు చూపిస్తే, ఈ కాలం పిల్లల మీద వాళ్ళ ఫిర్యాదు కూడా ఆ మేరకు తగ్గింది.

ఈ ఫిర్యాదు ఇవాళ్టిదీ కాదు. పిల్లలు సుఖాలు మరిగారు, పెద్దలంటే గౌరవం లేదు అని సోక్రటీస్ ఎప్పుడో అన్నాడంటూ ఒక మాట తిరుగుతూ ఉంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. అది సోక్రటీస్ అన్నది కాదు. కెన్నెత్ జాన్ ఫ్రీమన్ అనే కేంబ్రిడ్జ్ విద్యార్థి, పాత గ్రీకుల ఫిర్యాదుల్ని తన మాటల్లో కుదించి రాసుకున్నది, 1907లో అచ్చయింది. అరిస్టాటిల్ మాత్రం కుర్రకారు గురించి నిజంగానే రాశాడు. అన్నీ తమకే తెలుసనుకుంటారు, ఏదైనా అతిగా చేస్తారు అని తిట్టాడు గానీ, వాళ్ళకి డబ్బు మీద ఆశ మాత్రం తక్కువ అన్నాడు, ఎందుకంటే లేమి ఎలా ఉంటుందో ఇంకా రుచి చూడలేదట. ఇక 1976లో టామ్ వుల్ఫ్ అనే అమెరికన్ రచయిత తన చుట్టూ ఉన్నవాళ్ళు ఎంతసేపూ తమ గురించే తాము ఆలోచించుకుంటున్నారని ఆ కాలానికి ‘నేను దశకం’ అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఆ ‘నేను’లు ఇవాళ తాతలు, అమ్మమ్మలు.

కాబట్టి ఒక పని చెయ్యండి. కాగితం తీసుకుని, మీకు పదిహేడేళ్ళప్పుడు ఏమేం కావాలనిపించిందో, దేనికోసం అలిగారో రాయండి. రాశాక దాన్ని నమ్మకండి. అప్పుడు మిమ్మల్ని చూసినవాళ్ళు, అమ్మో అక్కో పెద్దమ్మో, ఎవరున్నా వాళ్ళని అడగండి. నా కాగితంలో, చెప్పులు తెగితే పిన్నీసు పెట్టుకుని కాలేజీకి నడిచిన సంగతి ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే, "ఏరా, తెల్లబూట్లు మర్చిపోయావా?" అంది. ఎర్రచారల తెల్లబూట్లట. మా క్లాసులో ఎవరికో ఉన్నాయని మూడు రోజులు తిండి మానేసి, నాన్నతో మాట్లాడటం మానేశానట. చివరికి ఆయన తెచ్చిస్తే రెండుసార్లు తొడుక్కుని, కరుస్తున్నాయని మంచం కిందకి తోసేశానట. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. అమ్మకి చారల రంగుతో సహా గుర్తుంది.

లెక్కలు ఏమంటున్నాయి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే రెండు పక్షాలూ తమకి నచ్చిన లెక్క ఒక్కటే చూపించి తప్పుకుంటాయి. పైగా ఈ సర్వేలు చాలావరకు అమెరికన్ విద్యార్థుల మీద జరిగినవే, వాటిని పట్టుకుని ప్రపంచంలోని కుర్రకారునంతా ఒకే గాటన కట్టేయలేం.

డబ్బు విషయంలో ఫిర్యాదుకి కొంత ఆధారముంది. అక్కడ కాలేజీలో చేరే కొత్త విద్యార్థుల్ని 1966 నుంచి ఏటా అడుగుతున్నారు. బాగా డబ్బున్నవాళ్ళమవడం చాలా ముఖ్యం అన్నవాళ్ళు 1960ల చివర్లో సగం కంటే తక్కువ, 2010లకి వచ్చేసరికి అయిదుగురిలో నలుగురు. జీవితానికి ఒక అర్థం, తాత్వికత వెతుక్కోవడం ముఖ్యమన్నవాళ్ళు అప్పట్లో అయిదుగురిలో నలుగురికి పైమాటే, తర్వాత సగానికి పడిపోయారు. రెండూ అటుదిటు, ఇటుదటు అయ్యాయి. అయితే ఈ మార్పులో పెద్దభాగం 1980లు ముగిసేలోపే జరిగిపోయింది. హైస్కూలు చివరి ఏడు పిల్లల మీద 1976 నుంచి 2007 దాకా వచ్చిన సమాధానాల్ని జీన్ ట్వెంగీ, టిమ్ క్యాసర్ అనే మనస్తత్వవేత్తలు చూస్తే, వస్తువుల మీద ఆశ 1980ల చివర, 90ల మొదట్లో శిఖరానికెక్కి, తర్వాత కూడా పెద్దగా దిగలేదు. అంటే ఆ శిఖరం మీద కూర్చున్నవాళ్ళకి ఇప్పుడు యాభై దాటుతున్నాయి. ఈ కాలం పిల్లలు అని తిడుతున్నవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఇందులోనే పిల్లలకి అంత అనుకూలం కాని ముక్క ఒకటుంది, దాన్ని దాచను. ఆశ అలాగే ఉండగా, కష్టపడి పనిచెయ్యాలన్న ఇష్టం మాత్రం ఏటికేడు తగ్గుతూ వచ్చింది.

తన గొడవ తనదే అన్న ఫిర్యాదుకి మాత్రం లెక్కలు నిలబడలేదు. 2008లో ట్వెంగీ బృందం, 1979 నుంచి 2006 దాకా స్వాతిశయాన్ని, అంటే నా అంతటివాళ్ళు లేరనుకునే గుణాన్ని కొలిచే ప్రశ్నావళిలో 16 వేలకు పైగా విద్యార్థుల స్కోర్లు పోగుచేసి, అది పెరుగుతోందని చెప్పింది. పేపర్లన్నీ దాన్నే పట్టుకున్నాయి. అదే ఏడాది ఇంకో బృందం అలాంటిదేమీ కనపడలేదంది. 2017లో వెట్జెల్, ఆమెతో పనిచేసినవాళ్ళు 50 వేలకు పైగా విద్యార్థుల సమాధానాలు తీసుకుని చూస్తే 1990ల నుంచి 2010లకి అది కొంచెం తగ్గింది. ఎదుటివాళ్ళ బాధని తనదిగా అనుకునే గుణం మీద కూడా ఇంతే. సారా కాన్‌రాత్ బృందం 2011లో అది బాగా పడిపోయిందని రాస్తే లోకమంతా చదివింది, 2008 తర్వాత మళ్ళీ పైకి లేచిందని అదే కాన్‌రాత్ తర్వాత రాసింది మాత్రం ఎంతమందికి తెలుసు? చెడ్డకబురు నడిచినంత జోరుగా మంచికబురు నడవదు.

ఇలాంటి వార్త ఈసారి మీ కంటపడితే ఎవర్ని అడిగారు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాదికి, పోల్చింది ఒకే వయసువాళ్ళనేనా అని చూడండి. పద్దెనిమిదేళ్ళవాళ్ళనీ యాభైయేళ్ళవాళ్ళనీ ఇవాళ పక్కపక్కన నిలబెట్టి తేడా చూపిస్తే అది తరాల తేడా అని చెప్పలేం, వయసు తేడా కావచ్చు. వయసుతో పాటు ఈ స్వాతిశయం తగ్గుతూ వస్తుందని చూపించిన పరిశోధనలు ఉన్నాయి.

రెండు వారాలు నోరు కట్టేసుకుని చూడండి

ఇదే అసలు పని, చాలా కష్టమైన పని కూడా. తరం సంగతి అలా ఉంచి, మీ ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని చూడండి. ఉపన్యాసాలు లేకుండా. మీరు చూస్తున్నట్టు తెలిసిందా, అయిపోయింది.

వద్దు అన్నప్పుడు ఏమవుతుంది? అలగడం పెద్ద విషయం కాదు, ఎంతసేపు అలిగారు, అలక తీరాక మామూలుగా ఉన్నారా, లేక వారంపాటు ఇంట్లో అందర్నీ పురుగుల్లా చూశారా అన్నది విషయం. కావాలన్నది చేతికొచ్చాక రెండు వారాలకి అది ఎక్కడుంది? చెల్లెలికో స్నేహితుడికో మంచి జరిగితే మొహం ఎలా ఉంది? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఎవరూ చెప్పకుండా ఒక గ్లాసు నీళ్ళయినా తెచ్చిచ్చారా? అన్నిటికంటే, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నారు?

నేను ఇవేవీ పద్ధతిగా చూడలేదు, అనుకోకుండా కంటబడింది. మూడో రోజు రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే వంటింట్లో దీపం లేదు గానీ చిన్న వెలుగుంది. మా మేనల్లుడు నేల మీద, ప్లగ్గు పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. ఫోను చెవి దగ్గర. రెండో చేత్తో ఛార్జర్ వైరు ఒక పక్కకి వంచి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు కాస్త సడలితే ఛార్జింగ్ ఆగిపోతోంది, మళ్ళీ నొక్కుతున్నాడు. "ఊ... ఇంకోసారి చదువు. ఆ కింద రాసిన నంబరు. భయపడకు, పొద్దున డాక్టర్ వస్తారు కదా, అడుగుదాం, నేను లైన్లోనే ఉంటాను." అవతల వాడి స్నేహితుడు, ఆసుపత్రిలో, తండ్రి మంచం పక్కన ఒక్కడే. నన్ను చూసి కంగారుగా లేవబోతే వైరు కదిలి కాల్ కట్టయింది. మళ్ళీ ఆన్ అవడానికి ఆ ఫోను తీసుకున్న నాలుగు నిమిషాలూ వాడి మొహం చూశాను.

పొద్దున అడిగాను, ఫోను పాడైందని ఎందుకు చెప్పలేదురా అని. "కొత్తది కావాలన్నాను కదా మావయ్యా" అన్నాడు. ఎందుకు కావాలో నేనే అడగలేదు.

ఎలా అడగాలి

ఎందుకు అని అడిగితే చాలదు. మనం ఎందుకు అనే గొంతులోనే వద్దు అనేది కలిసిపోయి ఉంటుంది, వాళ్ళకది వినిపించేస్తుంది. ఇప్పుడున్నదాంతో ఏం కుదరట్లేదు? అది వస్తే రేపటినుంచి ఏం మారుతుంది? ఇంకెవరెవరి దగ్గరుంది? ఇలా అడిగి చూడండి, మూడోది మరీ మామూలుగా, వేరే పని చేసుకుంటూ.

జవాబులు సాధారణంగా మూడు రకాలు. పని జరగట్లేదు అన్నది మొదటిది, దానికి బాగుచెయ్యడమో కొనడమో తప్ప నీతిపాఠం అక్కర్లేదు. అందరికీ ఉంది, నాకు లేదు కాబట్టి నన్ను కలుపుకోవట్లేదు అన్నది రెండోది. ఇది పైకి యావలాగే ఉంటుంది, లోపల తోడు కోసం వెతుకులాట. లాన్ చాప్లిన్, డెబొరా జాన్ 2007లో పిల్లల మీద చేసిన పనిలో, వస్తువుల మీద మోజు ఎనిమిది తొమ్మిదేళ్ళ నుంచి పెరుగుతూ పన్నెండు పదమూడేళ్ళకి బాగా ఎక్కువై, పదహారు పద్దెనిమిదికి తగ్గుతోందని, తమ మీద తమకి నమ్మకం పడిపోవడం, పెరగడం దీనికి పెద్ద కారణమని తేలింది. తోటివాళ్ళు రాసిచ్చిన నాలుగు మంచి మాటలు చదివించేసరికి ఆ మోజు తగ్గింది కూడా. కాబట్టి ఇలాంటి జవాబు వస్తే కొనాలా వద్దా అన్నది తర్వాత, ముందు ఆ స్నేహితుల్ని ఇంటికి పిలవండి, ఎలాంటివాళ్ళో చూడండి.

మూడోది, అది ఉంటే నేను గొప్ప, లేనివాడు తక్కువ. ఇదొక్కటే మనం భయపడాల్సిన జవాబు.

మన చెయ్యి ఎంత ఉంది

తెలిసిన వాళ్ళమ్మాయి ఒకతె ఉంది. తల్లికి జ్వరమొచ్చి పడుకుంటే, "మరి నా డ్రెస్ ఎవరు ఇస్త్రీ చేస్తారు?" అని గుమ్మంలో నిలబడి అడగడం నేను విన్నాను. ఆ అమ్మాయిని ఏమైనా అనాలనిపించింది. కానీ ఆ ఇంట్లో మార్కులొస్తే ఒక బహుమతి, ఏడుపు ఆపితే ఒకటి, తల్లిదండ్రులకి ఇంటికి రావడం ఆలస్యమైతే ఒకటి, కోపం వస్తే మాత్రం ముందు లాక్కునేది వస్తువులనే. రిచిన్స్, చాప్లిన్ 2015లో రాసిన వ్యాసంలో ఉన్నదీ ఇదే. ప్రేమకీ శిక్షకీ వస్తువుల్నే వాడి పెంచితే, ఆ పిల్లలు పెద్దయ్యాక తమ విలువనీ వస్తువుల్లోనే వెతుక్కుంటారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

పొగడ్త సంగతీ అంతే. నెదర్లాండ్స్‌లో ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు 565 మందిని బ్రుమెల్‌మన్ బృందం ఏడాదిన్నరపాటు గమనించి 2015లో రాసింది. మా పిల్లలు మిగతావాళ్ళందరికంటే ప్రత్యేకం అని నూరిపోసిన ఇళ్ళల్లో స్వాతిశయం పెరిగింది, ఊరికే ప్రేమగా ఉన్న ఇళ్ళల్లో ఆత్మగౌరవం పెరిగింది. నువ్వంటే మాకిష్టం అనే మాటకీ నీ అంతటివాళ్ళు లేరు అనే మాటకీ అంత తేడా ఉందని నాకూ తెలీదు.

నిజంగానే ఉందని తేలితే

రెండు వారాలు చూశారు, అడిగారు, మూడో జవాబే వచ్చింది. అప్పుడు ఏం చెయ్యాలి? డబ్బు చేతికివ్వండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అడిగినప్పుడల్లా ఇచ్చే డబ్బుకి అడుగు ఉండదు, నెలకింతని ఇచ్చినదానికి ఉంటుంది. ఎంతన్నది మీ ఇంటిని బట్టి, దాన్ని ఖర్చుకి, దాచుకోడానికి, ఇంకొకరికి ఇవ్వడానికి అని మూడు వాటాలు చేయించండి. అమెరికాలో కొందరు పిల్లలకి తల్లిదండ్రులతో కలిపి ఇలాంటి పాఠాలు మూడే మూడు చెప్పి చూస్తే వస్తువుల యావ తగ్గిందని క్యాసర్ బృందం 2014లో రాసింది. అసలు కిటుకు నెల మధ్యలో అయిపోయినప్పుడు మళ్ళీ ఇవ్వకపోవడంలో ఉంది. మొదటి నెల ఇంట్లో రణరంగమే. రెండో నెల మీరే జాలిపడతారు, ఆ జాలిలోనే చాలామంది ఓడిపోతారు.

పెద్ద వస్తువైతే ఒక తేదీ పెట్టండి, పదిహేను రోజుల తర్వాత కూడా కావాలంటే సగం నీది సగం మాది. చాలా కోరికలు ఆ తేదీకి ముందే చచ్చిపోతాయి. ఇది మీమీద కూడా వాడుకోవచ్చు.

కృతజ్ఞత రాయించడం అంటే నాకు మొదట్లో నవ్వొచ్చింది. కానీ చాప్లిన్ బృందమే 2019లో 61 మంది టీనేజర్ల మీద చేసి చూసింది. సగంమంది రెండు వారాలు రోజూ ఎవరికి, దేనికి కృతజ్ఞతగా ఉన్నామో రాశారు, మిగతావాళ్ళు ఆరోజు ఏం చేశారో రాశారు. తర్వాత అందరికీ పది నోట్లిచ్చి, ఉంచుకుంటారో దానమిస్తారో మీ ఇష్టం అంటే, మొదటి గుంపు 60 శాతం ఎక్కువ ఇచ్చేసింది. మా ఇంట్లో నోటుపుస్తకం నడవలేదు, రాత్రి భోజనాల దగ్గర తలా ఒక మాట చెప్పడం కాస్త నడిచింది. ముందు పెద్దవాళ్ళు చెప్పాలి, లేకపోతే పరీక్షలా ఉంటుంది.

ఇంకొకటి, వాళ్ళు చెయ్యకపోతే నిజంగా ఆగిపోయే పని ఒకటి అప్పగించండి. అవ్వ మందులు వేళకి ఇవ్వడం లాంటిది. ఉత్తుత్తి పని వద్దు, పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. అప్పగించాక వెనకే తిరగకండి.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. తిండిలేని పిల్లల్ని చూపించి సిగ్గుపడమనడం, చుట్టాల ముందు ఎత్తిపొడవడం, అక్కతో పోల్చడం. వీటివల్ల ఒక్క మనిషి మారగా నేను చూడలేదు, దాచిపెట్టడం మాత్రం నేర్చుకుంటారు. దొంగతనం, రహస్యంగా అప్పులు, ఎదుటివాళ్ళని బాధపెట్టి ఆనందించడం లాంటివి కనిపిస్తే ఈ చిట్కాలతో కాలం గడపకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

మీరే ఆ పదిహేడేళ్ళవాళ్ళయితే

ఇంతవరకు చదివారంటే మీకు ఓపిక ఎక్కువే. కావాల్సింది అడిగేటప్పుడు కారణం కూడా కలిపి చెప్పండి, మాకు ఊహించుకునే తెలివి తక్కువ. అలాగే ఎప్పుడైనా ఎవరైనా మా రోజుల్లో అని మొదలుపెడితే, వాళ్ళని పెంచినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతికి, మావయ్యకి పదిహేడేళ్ళప్పుడు ఏం కావాలనేవాడు అని అడగండి.

మా వాడు అడిగేశాడు. పాత ఫోను బాగవదని తేలాక, సగం వాడు దాచుకున్నది, సగం మేము వేసి కొత్తది కొన్నాం. దాంతో మొదటి కాల్ వాళ్ళ అమ్మమ్మకే చేసి ఓ అరగంట ముచ్చట్లాడాడు, నేను పక్కగదిలో ఉన్నాను, నవ్వులు వినిపిస్తున్నాయి గానీ విషయమేమిటో తెలీలేదు. మొన్న వాడు ఏదో షాపింగ్ సంగతి ఎత్తితే, నేను కళ్ళజోడు సర్దుకుని "మా రోజుల్లో..." అన్నాను. వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

"తెల్లబూట్లు" అన్నాడు.